సోమవారం నల్లాలు

నా మూలంగా ఒక మనిషి ఉద్యోగం పోయింది. అందులో ఆయన తప్పు గోరంత లేదు. తప్పంతా నాది. ఆ సంగతి ఇద్దరికే తెలుసు, ఆయనకూ నాకూ. చెప్పాల్సిన రోజున ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆయన ఎందుకు చెప్పలేదో తర్వాత తెలిసింది. నేనెందుకు చెప్పలేదో నాకు ఆ రోజే తెలుసు. భయపడ్డాను. ఊరందరి మీదా నోరు పారేసుకునే నేను ఆ ఒక్క గంటా నోట్లో నాలుక లేనిదానిలా నిలబడ్డాను.

ముందు ఆయన గురించి చెప్తాను. ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషమే ముందొస్తుంది. సిగ్గు తర్వాత వస్తుంది.

కొల్లాపూర్‌కు దగ్గర్లో ఒక చిన్న టౌన్‌లో ఆడపిల్లల హాస్టల్‌కు నేను వార్డెన్‌ని. రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు నన్ను అక్కడ వేశారు. మూడంతస్తుల బిల్డింగు, రెండు వందల మంది పిల్లలు, ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా. నా చెప్పుల చప్పుడు వినపడితే వరండాలో మాటలు ఆగిపోయేవి. నోటి దురుసు మనిషినని పేరు. ఉన్న పేరే, అబద్ధం కాదు.

నేను వెళ్ళేసరికే ఆయన అక్కడ నీళ్ళ పని చూస్తున్నాడు. ఆలంపూర్ వైపు చేనేత కుటుంబం. చిన్నప్పటి నుంచీ చీరలు నేసినవాడు. చూపు మందగించి పోగులు కనపడకపోయేసరికి మగ్గం తమ్ముడికి అప్పజెప్పి ఈ పనికి వచ్చాడు. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. నేను అన్నా అనేదాన్ని, ఆయన మేడం అనేవాడు. పిల్లలకు మాత్రం నల్లా తాత.

మొదటి నెలలోనే ఆయన నీళ్ళ సంపులోకి దిగడం చూసి, ఈ వయసులో అంత లోతు దిగుతావా అని అడిగాను.

"గుంటల దిగుడు నాకు కొత్తనా మేడం," అన్నాడు. "ముప్పై ఏండ్లు మగ్గం గుంటల కాళ్ళు పెట్టుకోని కూసున్న. గిప్పుడు సంపు గుంటల దిగుతున్న. గంతే ఫరక్."

సోమవారం పిల్లలు తరగతులకు పోయాక ఆయన అసలు పని మొదలయ్యేది. కింద వంటింటి నల్లాతో మొదలుపెట్టి, మూడో అంతస్తులో వెనకవైపు ఎవరూ వాడని స్నానాల గదిలో ఉన్న చివరి నల్లా దాకా, బిల్డింగులోని నల్లాలన్నీ ఒక్కొక్కటే తిప్పేవాడు. తిప్పి వదిలేయడం కాదు. ధార కింద అరచెయ్యి పెట్టుకుని నిలబడేవాడు. మొదట వచ్చే నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. అవి పైపులో కదలకుండా నిలబడ్డవి. కాసేపటికి చల్లటి నీళ్ళు తగులుతాయి. అవి కొత్తవి. ఆ చల్లదనం అరచేతికి తగిలేదాకా నల్లా కట్టేవాడు కాదు. తర్వాత తలుపు వెనక సుద్దముక్కతో ఒక గీత గీసి పక్క గదికి పోయేవాడు. ఒక్కో తలుపు వెనకా ఒక్కో సోమవారానికి ఒక్కో గీత. దసరా సెలవుల్లో కూడా ఊరి నుంచి బస్సెక్కి వచ్చి గీత గీసి పోయేవాడు.

చివరి నల్లా నీళ్ళను ఒక చిన్న గాజు సీసాలో పట్టేవాడు. అందులో రెండు చుక్కల మందు వేసి వెలుతురుకు ఎత్తి చూసేవాడు. లేత పసుపు రంగు తిరిగితే సంపులో కలిపిన బ్లీచింగ్ అక్కడి దాకా చేరినట్టు. రంగు తిరగకపోతే నీళ్ళలో ఎక్కడో మురికి ఉండి మందును మింగేస్తున్నట్టు. సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లలు సంచులు దించకముందే అడిగేవాళ్ళు.

"తాతా, పసుపొచ్చిందా?"

"ఒచ్చింది తియ్యుండ్రి. తాగుండ్రి," అనేవాడు ఏదో పెళ్ళి కబురు చెప్పినట్టు.

నెలకోసారి ఆదివారం సంపూ, డాబా మీది ట్యాంకూ కడిగేవాడు. ఆ రోజు పొద్దున స్నానాలు ఉండవు కాబట్టి పిల్లలకు పండగ. తలకు నూనె రాసుకుని, ఒకరి జడలు ఒకరు విప్పుకుంటూ వాకిట్లో గుంపులు గుంపులుగా కూర్చునేవాళ్ళు. ఆయన కాళ్ళు మోకాళ్ళ దాకా సబ్బుతో కడుక్కుని, ఆ పనికే దాచిన ఉతికిన పంచె కట్టుకుని నిచ్చెన దిగేవాడు. చెప్పులతో ఎవరైనా సంపు మూత దగ్గరికి వస్తే ఊరుకునేవాడు కాదు. నన్నూ ఊరుకోలేదు ఒకసారి. కొబ్బరి పీచుతో గోడలు రుద్దే చప్పుడు లోపల్నుంచి వినపడుతుండేది. మధ్యమధ్యలో ఏదో కూనిరాగం. ఆఖరున టార్చి పట్టుకుని గోడలన్నీ వేలి కణుపుతో తట్టి చూసేవాడు. ఎక్కడన్నా బోలుగా మోగితే అక్కడ సిమెంటు పెట్టేదాకా నీళ్ళు వదలనిచ్చేవాడు కాదు. సంపు పక్కనే మురికినీళ్ళ కాలువ పోతుంది. ఆయన భయమంతా ఆ వైపు గోడ గురించే. పైకొచ్చి "గోడ మంచిగున్నది మేడం" అనేదాకా నాకు టీ తాగబుద్ధి కాకపోయేది. బ్లీచింగ్ వాసన ఆ రోజంతా బిల్డింగులో ఉండేది. ఇప్పటికీ ఎక్కడన్నా ఆ వాసన వస్తే నాకు నూనె తలల పిల్లలు, ఆదివారం ఎండ, సంపులోంచి ఆయన కూనిరాగం గుర్తొస్తాయి. అంత హాయైన రోజులు మళ్ళీ చూడలేదు నేను.

అయినా ఆయనతో నాకు ఒక పేచీ ఉండేది. నల్లాల కింద అట్లా పారిపోయే నీళ్ళను చూస్తూ ఊరుకోలేకపోయేదాన్ని.

నాది నల్లగొండ వైపు, కట్టంగూర్ దగ్గర ఒక ఊరు. మా బోర్ల ఫ్లోరైడ్ నీళ్ళు తాగి మా నాయిన మెడ బిగుసుకుపోయింది. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే తల తిప్పలేక మనిషంతా తిరిగి చూసేవాడు. ఆ నీళ్ళు కాకుండా వేరే మంచినీళ్ళు కావాలంటే దూరం నుంచి బిందెతో మోయాల్సిందే. నా చిన్నతనమంతా నడుం మీద బిందెతోనే గడిచింది. రాత్రి చెంబులో మిగిలిన నీళ్ళను పొద్దున్నే పారబోయబోతే మా అవ్వ చేతి మీద ఒక్కటిచ్చేది. పాత నీళ్ళయినా నీళ్ళే కదా అనేది. ఆ ఇంట్లో పెరిగినదాన్ని నేను. కృష్ణ నీళ్ళు ఇంటింటికీ నల్లాల్లో వచ్చిన తర్వాత కూడా గ్లాసు అడుగున మిగిలిన గుక్కను పారబోయడానికి నాకు చెయ్యి రాదు.

అందుకని సోమవారాలు ప్రతి నల్లా కిందా బకెట్లు పెట్టించి, ఆ నీళ్ళన్నీ చెట్లకు పోయించేదాన్ని. ఆయన నవ్వేవాడు.

"మీ నల్లగొండోళ్ళ బాధ మీది," అనేవాడు. "మంచిదే తియ్యి మేడం. చెట్లు గూడ బతకాలె గద."

అట్లా ఐదారేళ్ళు సాగింది. తర్వాత కరోనా వచ్చింది. హాస్టల్ మూతపడింది, కొన్నాళ్ళు పెద్ద తరగతులకు మాత్రం తెరిచారు, రెండోసారి ఎండాకాలం ముందర మళ్ళీ మూసేశారు. పిల్లలు ఇళ్ళకు పోయారు. నేను మా ఊరికి వచ్చేశాను. ఆయన మాత్రం ఖాళీ బిల్డింగుకు ప్రతి సోమవారం పోతూనే ఉన్నాడు. మూతికి గుడ్డ కట్టుకుని, మోటరు వేసి, వంటింటి నుంచి మూడో అంతస్తు దాకా నల్లాలు తిప్పుతూనే ఉన్నాడు. బకెట్లు మోసేవాళ్ళు లేరు. నీళ్ళన్నీ వెనక కాలువలోకి పోతున్నాయి.

హాస్టల్ వెనక వాడలో రోజు విడిచి రోజు, గంటసేపే నీళ్ళు వచ్చేవి. బిందెలు వరసలో పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళ కళ్ళ ముందు నుంచే మా కాలువ పారుతుంది. వాళ్ళలో ఒకామె నాకు ఫోన్ చేసింది.

"మేడం, మనుషులు లేని బిల్డింగుల నీళ్ళు మోరిల పోతున్నయి. మాకేమో బిందె నిండుతలేదు. జర మీరన్న చెప్పుండ్రి."

నాకు ఒళ్ళు మండిపోయింది. వెంటనే ఆయనకు ఫోన్ కలిపాను.

"అన్నా, గా నీళ్ళు ఎవరి కోసం పారబోస్తున్నవు? దయ్యాలు తానం చేస్తున్నయా ఆడ?"

"కదలకుంటె పైపులల్ల పాచి పడతది మేడం. సంపుల గూడ గంతే. బ్లీచింగ్ పవర్ పోతది."

"పిల్లలొచ్చినంక అన్నీ కదులుతయి తియ్యి. బంద్ చెయ్యి. సంపు నిండ ఉన్నయి గద, గట్లనే ఉండనీ. వాల్వు కట్టేసి తాళమేసి పో."

"మేడం, జర నా మాట ఇను. నిలవ నీళ్ళు..."

"నువ్వు తుంగభద్ర ఒడ్డున పుట్టినోనివి. నీకు నీళ్ళ కష్టం తెల్వదు. నాకు చెప్పకు."

అవతల తాళంచెవుల గుత్తి చప్పుడు వినపడింది. తర్వాత "సరే మేడం" అన్నాడు. ఆ రోజు నేను పుణ్యం చేసినంత సంతోషపడ్డాను. వెనక వాడ ఆమెకు నేనే ఫోన్ చేసి, బంద్ చేయించిన అని గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఎండాకాలం పోయింది, వానలు పడ్డాయి, దసరా దాటాక హాస్టళ్ళు తెరవమని ఆర్డరు వచ్చింది. మూడు రోజులే గడువు. పరుగు మీద వచ్చాను. ఆయన అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. టౌన్‌లో పెద్ద పైపు పగిలి మరమ్మతు నడుస్తోంది, వారం దాకా నీళ్ళు రావని తెలిసింది. సంపు మాత్రం నిండుగా ఉంది. నేను మంచి పని చేశాననే అనుకున్నాను.

"ఖాళీ చేసి కడగాలె మేడం," అన్నాడు ఆయన. "ఆరు నెలల నీళ్ళు. గోడ గూడ సూడాలె."

"రెండు వందల మంది పిల్లలు వస్తుంటె నిండు సంపు ఖాళీ చేస్తవా? తర్వాత ఏం పోస్తవు వాళ్ళకు?"

"ట్యాంకర్ అడుగుదం. రెండు దినాలు ఆలస్యంగ తెరుద్దం."

"ఆర్డరు నీకొచ్చిందా నాకొచ్చిందా?"

ఆయన బ్లీచింగ్ డబ్బా తెచ్చుకున్నాడు. ఉన్న నీళ్ళలోనే బ్లీచింగ్ కలిపాడు. సాయంత్రం చివరి నల్లా నీళ్ళ సీసా పట్టుకుని నా గదికి వచ్చాడు. నీళ్ళు తెల్లగానే ఉన్నాయి.

"రంగు తిరుగుతలేదు మేడం. మూడు పాళ్ళు ఏసిన. ఏదో తింటున్నది లోపట."

నేను ఆ సీసాను చూశాను. అది చెప్పేది ఏమిటో నాకు తెలుసు. ఐదారేళ్ళుగా ఆయనే నేర్పాడు. చూసి కూడా, "ఇంకో రెండు చెంచాలు ఎయ్యి" అని రిజిస్టర్లో తల దూర్చాను. తాగే నీళ్ళ ఫిల్టర్ మిషను బాగుచేసేవాడు ఇంకా రాలేదు. పిల్లలు వచ్చారు. ఏడాదిన్నర దూరం ఉన్న స్నేహితులు ఒకరినొకరు కావలించుకుని, పరుగెత్తి, అలిసి, నల్లాలకు దోసిళ్ళు పట్టి తాగారు.

రెండో వారంలో జ్వరాలు మొదలయ్యాయి. మొదట కరోనా అనుకుని హడలిపోయాం. టైఫాయిడ్ అని దవాఖానలో తేలింది. పదకొండు మంది పడ్డారు. పది మంది మందులతో లేచారు. ఏడో తరగతి పిల్ల ఒకతి, కృష్ణ ఒడ్డున ఒక పల్లెలో కూలి చేసుకునేవాళ్ళ బిడ్డ, కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయింది. పేగుకు చిల్లు పడిందన్నారు. అప్పటికప్పుడు హైదరాబాద్ తీసుకుపోయి ఆపరేషన్ చేశారు. బతుకుతుందని ఎవరూ చెప్పలేదు.

ఆ మర్నాడు సంపు ఖాళీ చేశారు. కాలువ వైపు గోడకు వేలు పట్టేంత పగులు ఉంది. దాని కింద నల్లటి చార. వానలకు కాలువ పొంగినప్పుడల్లా మురికి లోపలికి ఊరింది. కడగడానికి దిగి ఉంటే ఆయన టార్చికి మొదటి ఐదు నిమిషాల్లోనే కనపడేది. ఆయన ఆ పగులు దగ్గర కూర్చుని చాలాసేపు లేవలేదు. నా ముఖం వంక చూడలేదు.

రేపు పై అధికారి విచారణకు వస్తున్నాడని సాయంత్రం కబురొచ్చింది. నేను బిల్డింగంతా శుభ్రం చేయించాను. స్నానాల గదుల తలుపుల వెనక సుద్దగీతలు ఉన్నాయి కదా. ఏ సోమవారం దాకా ఉన్నాయో, ఎక్కడ ఆగిపోయాయో లెక్కపెట్టే తెలివున్న మనిషి ఎవరైనా చూస్తే, ఎవరో ఆపించారని తెలిసిపోతుంది. తలుపులు మురికిగా ఉన్నాయి, కడగండి అన్నాను ఆయమ్మలతో. మురికి కోసమే కడిగిస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన మెట్ల మీద నిలబడి తడి తలుపులను చూశాడు. 

విచారణ నా ఆఫీసు గదిలోనే జరిగింది. బయట వరండాలో తల్లిదండ్రులు. అధికారి ఒకటే అడిగాడు. ఆరు నెలలు నీళ్ళు నిలవ ఉంటే కడగకుండా ఎందుకు వాడారు, వద్దన్నది ఎవరు? నేను నోరు తెరిచాను. మాట గొంతు దాకా వచ్చింది కూడా. ఉద్యోగం, పరువు, పేపర్లో పేరు, అన్నీ ఒక్కసారే కళ్ళ ముందు తిరిగాయి. అంతలో ఆయనే ముందుకు వచ్చాడు.

"నేనే సార్. కడుగుడు మర్చిపోయిన."

అధికారి తిట్టాడు. బయటివాళ్ళు కిటికీలోంచి తిట్టారు. ఒకరిద్దరు కొట్టడానికి కూడా వచ్చారు. ఆయన మొలతాడుకున్న తాళంచెవుల గుత్తి విప్పి నా టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. అంతసేపూ నేను అక్కడే నిలబడి ఉన్నాను.

ఆదివారం హైదరాబాద్ దవాఖానకు పోయాను. పిల్ల ముక్కులో గొట్టంతో పడుకుని ఉంది. తల్లి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడ్చింది.

"గా ముసలోని చేతులు పడిపోను మేడం. ఒక్కనాడు కడిగితె ఏంబోయె వానికి. నా బిడ్డ..."

ఆమె భుజం మీద చెయ్యి వేసి ఊరడించాను. ఊరడించాను గానీ, తప్పు ఆయనది కాదు, నాది అని చెప్పలేదు. ఆ పాపిష్టి చెయ్యిని ఆమె రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఇరవై రోజుల తర్వాత పిల్ల గండం గడిచింది. ఆ కబురు విన్నాక గానీ నాకు అన్నం సహించలేదు.

కొత్త మనిషిని వేయడానికి నెలలు పట్టింది. ఆ సోమవారాలన్నీ నల్లాలు నేనే తిప్పాను. వంటింటి నుంచి మూడో అంతస్తు దాకా, అరచెయ్యి పెట్టుకుని, చల్లగా తగిలేదాకా. మొదటి రోజున నీళ్ళు అట్లా పోతుంటే ఏడుపొచ్చింది. నీళ్ళ కోసమో, ఆయన కోసమో చెప్పలేను. తర్వాత తర్వాత అలవాటైపోయింది. సీసాలో రంగు తిరిగితే మాత్రం నాకు నేనే "ఒచ్చింది తియ్యి" అనుకునేదాన్ని.

సంక్రాంతి దాటాక ఇక ఉండబట్టలేకపోయింది. జరిగినదంతా ఒక కాగితం మీద రాశాను. వద్దన్నది నేనే, ఆయన్ని తిరిగి పనిలోకి తీసుకోండి అని అధికారికి. ఇచ్చే ముందు ఆయనకు చూపించాలని పెబ్బేరు మీదుగా ఆలంపూర్ చౌరస్తాలో దిగి, ఆటోలో వాళ్ళ ఊరికి పోయాను.

తమ్ముడి మగ్గం పక్కన కూర్చుని కండెలు చుడుతున్నాడు. నన్ను చూసి లేచాడు. ఆయన భార్య "రా వదినా" అని చాప వేసింది. అంత మర్యాద నాకు ఎక్కడ తగుతుంది? కాగితం చదివి వినిపించాను. సగంలోనే ఏడ్చేశాను. ఆయన చివరిదాకా విని, వేరే సంగతి అడిగాడు.

"సోమారం నల్లాలు ఎవరు తిప్పుతున్నరు?"

"నేనే."

"ఆఖరు నల్లా కాడ ఎంతసేపు నిలబడుతున్నవు?"

"చేతికి సల్లగ తగిలెదాంక."

"గోడ సూస్తున్నవా?"

"దిగి చూస్తున్న అన్నా. నెలకోసారి. నేనే దిగుతున్న."

ఆయన కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు.

"నిన్ను కాపాడనీకి చెప్పిన అనుకుంటున్నవా చెల్లె? నువ్వు నన్ను ఎన్ని మాటలన్నవో నాకు యాదికున్నయి," అన్నాడు. అంతవరకూ మేడం తప్ప ఇంకో మాట అనని మనిషి. "తలుపులు కడిగిచ్చిన్నాడే నువ్వు ఎంత భయపడ్డవో నాకు సమజైంది. నువ్వు పోతె ఇంకో ఆమెను ఏస్తరు. ఆమె గూడ నీళ్ళు పారబోయొద్దంటది. నీళ్ళకు మొకం వాచిన దేశం మనది, ఎవరైనా గదే అంటరు. ఆమెకు తెలిసిరావాల్నంటె ఇంకో పిల్ల పానం మీదికి రావాలె. నీకు తెలిసొచ్చింది. నువ్వు ఇగ సచ్చేదాంక మర్వవు. నన్ను తీసేస్తె ఏమైంది, నువ్వున్నవు తిప్పనీకి. గీ కాయితం నువ్వు కొలువు దిగిపోయిననాడు ఇచ్చుకో."

ఆ మాట వినగానే నాకు లోపల ప్రాణం లేచొచ్చింది. అది దాచను. ఏడుస్తూనే ఉన్నాను గానీ, ఉద్యోగం మిగిలిందని ఒక మూల సంతోషపడ్డాను. కాగితం సంచిలో పెట్టుకుని తిరిగొచ్చాను. ఆ తర్వాత నేనున్నన్నాళ్ళూ హాస్టల్లో నీళ్ళ జబ్బు రాలేదు. కొత్తగా వచ్చిన నీళ్ళ మనిషికీ, ఆయమ్మలకూ, పెద్ద తరగతుల పిల్లలకూ అరచెయ్యి పెట్టడం నేర్పాను. ఆయన చెప్పినట్టే చేశాను. అయినా ప్రతి సోమవారం చివరి నల్లా కట్టేటప్పుడు ఆ తల్లి తిట్టిన తిట్టు చెవుల్లో పడేది. తిట్లన్నీ ఆయనకు పోతున్నాయి, దండాలన్నీ నాకొస్తున్నాయి.

ఈ ఏడు రిటైరయ్యాను. ఆఖరి రోజున కాగితం ఇచ్చాను. అప్పటి అధికారి ఎప్పుడో మారిపోయాడు. కొత్తాయన చదివి, "ఇప్పుడెందుకు మేడం ఇవన్నీ" అని ఫైల్లో పెట్టాడు. అంతేనా అనిపించింది. నాలుగేళ్ళు మోసిన బరువు ఒక ఫైల్లోకి పోయింది, ఎవరికీ ఏమీ కాలేదు. చెప్పాల్సింది అక్కడ కాదని అప్పటికి నాకు బుద్ధొచ్చింది.

మర్నాడే ఆ పిల్ల వాళ్ళ పల్లెకు పోయాను. పిల్ల ఇంటర్ చదువుతోంది, కాలేజీకి పోయింది. తల్లి ఒక్కతే ఉంది. నన్ను చూసి కంగారుపడింది. ఇంట్లో కూర్చోబెట్టడానికి ఏమీ లేక పక్కింటికి పరుగెత్తి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. నేను కూర్చుని మొత్తం చెప్పాను. ఫోన్లో నేనన్న మాటలు, తెల్లగా ఉన్న సీసా, కడిగించిన తలుపులు, ఏదీ వదల్లేదు. ఆమె గడప మీద కూర్చుని విన్నది. తిడుతుందేమోనని చూశాను. తిట్టించుకోవాలనే వచ్చాను.

నేను చెప్పడం అయిపోయాక ఆమె అంది.

"తాత ఏడాదికోసారి ఒస్తడు మేడం. బిడ్డను సూసిపోనీకి."

నాకు తెలియదు. ఆయన నాకెప్పుడూ చెప్పలేదు.

"మొదటేడు ఒచ్చి, తప్పయింది తల్లీ అని చేతులు జోడిచ్చిండు. పల్లీలు తెచ్చిండు బిడ్డకు. మా ఆయన గా పల్లీలు మోరిల పారబోసిండు. తిట్టని తిట్టు లేదు. మళ్ళేడు ఒచ్చిండు. మొన్న ఎండకాలం గూడ ఒచ్చిండు. ఒక్కనాడు గూడ గడప తొక్కనియ్యలే. వాకిట్ల ఎండకు నిలబడి, దూరంకెళ్ళి బిడ్డను సూసి పోయిండు. మీ పేరు ఒక్కసారన్న ఎత్తలే."

ఆమె నా వైపు చూసింది, తర్వాత నేను కూర్చున్న కుర్చీ వైపు చూసింది.

"మీకు పక్కింట్లకెళ్ళి కుర్చీ తెచ్చి ఏసిన," అంది.

నేను లేచి నిలబడ్డాను. ఆమె కూర్చోమనలేదు.